అమ్మ ఎడంచెయ్యి

మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద, పాత సినిమా రీళ్ళని కంప్యూటర్లోకి ఎక్కించే చిన్న స్కానరు మూత ఊడదీసి ఉంది. తమ్ముడు దాని ముందు కూర్చున్నాడు. వారం క్రితం ఊరినుంచి వచ్చిన అక్క అతని వెనక నిలబడి తెర వంక చూస్తోంది. పక్కగదిలో నాన్న, పాప.

"ఇప్పుడు చూడక్కా."

"చూస్తున్నా."

"కనిపిస్తోందా?"

"ఆఁ, అమ్మ కనిపిస్తోంది. కిటికీ కనిపిస్తోంది."

"కిటికీ సంగతి ఎవడికి కావాలి. చేతులు?"

"చేతులు తెల్లగా ఉన్నాయిరా. పిండిలో ముంచి తీసినట్టు."

"మొన్నటి మీద నయం కాదూ?"

"నయమే."

"మరి?"

"నయమేలే గానీ, వేళ్ళు తెలియట్లేదు. వేళ్ళు తెలిస్తేగా ఏమంటోందో చెప్పేది."

"ఇంకోసారి వేస్తా, ఇక్కణ్ణుంచి చూడు. ఇదిగో, నన్ను చంకనేసుకుని ఇటు తిరిగింది. ఇప్పుడు చెయ్యి లేపుతుంది. ఇదిగో. ఏంటది?"

"ఏమో."

"ఏమో ఏంటక్కా, నువ్వే ఏమో అంటే ఎలా? అమ్మ మాట తెలిసినదానివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే."

"తెలిస్తే మాత్రం? కనిపించాలిగా. నా కళ్ళద్దాలు కూడా పాతబడ్డాయి."

"అద్దాలు తుడుచుకో."

"తుడిచానురా. పొద్దుటినుంచీ తుడుస్తూనే ఉన్నా. కాస్త మంచినీళ్ళు తాగు, మొహం చూడు ఎలా పీక్కుపోయిందో."

"నీళ్ళొద్దు. కూర్చో. నిలబడి చూస్తే ఏం తెలుస్తుంది?"

"ఎంతసేపు చూసినా అంతేరా. అప్పట్లో తీసిన ఫిల్ములు అంతే ఉండేవేమో."

"ఫిల్ముది తప్పేం లేదు. భూతద్దం పెట్టి చూశాను. ప్రతి వేలూ ఉంది, గోళ్ళతో సహా. తప్పంతా ఈ డబ్బాది. ఇళ్ళల్లో వాడుకోడానికి చేసిందిగా, దీనికి తెలివెక్కువ. వెలుతురు ఎంత ఉండాలో మనల్ని అడగదు, అదే నిర్ణయిస్తుంది. గది చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. కిటికీ పక్కన ఉన్నందుకు అమ్మ చేతులు తెల్లగా మాడిపోతాయి."

"పెంచొద్దని చెప్పరాదూ దానికి?"

"చెప్పడానికి బటనుంటేగా. పైగా ఇంకో రోగం. మెమరీ కార్డులో చోటు కలిసొస్తుందని బొమ్మని కుక్కి కుక్కి దాస్తుంది. కదలనిదాన్ని బాగానే ఉంచుతుంది, కదిలేదాన్ని నలిపేస్తుంది. గోడ చూడు, పగులుతో సహా ఎంత బాగా వచ్చిందో. అమ్మలో కదిలేవి చేతులొక్కటే."

"మొన్న ఏదో మార్చావుగా మరి. అదేదో వేరు అన్నావు."

"ఫర్మ్‌వేరు. దీని బుర్ర అనుకో. అందులో ఎలా రాసుంటే అలా చేస్తుంది ఈ డబ్బా. మొన్న ఎక్కించింది ఎవరో మార్చి నెట్లో పెట్టింది. దాంతో కుక్కడం తగ్గింది. వెలుతురు జోలికి వాళ్ళు పోలేదు. అందుకని నేనే పోయాను. అది ఎక్కడ దాక్కుందో వెతికి పట్టుకున్నాను. ఇవాళ దాన్ని మార్చి ఎక్కిస్తున్నా."

"నువ్వా?"

"నేనే."

"నీ ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం కదరా."

"లిఫ్టుకీ బుర్ర ఉంటుంది. అదీ ఇదీ ఒకటి కాదనుకో. కానీ ఎవరూ చెయ్యనప్పుడు ఏం చెయ్యను? ల్యాబువాళ్ళు రీలు చేత్తో పట్టుకోను కూడా పట్టుకోలేదు. ఆ పుల్లటి వాసన చూసి, ఇది ముడుచుకుపోయింది, మా మిషన్లో ఇరుక్కుంటుంది, తీసుకుపొమ్మన్నారు."

"వాళ్ళే వద్దన్నారంటే ఆలోచించాలిగా. చూడు ఎలా చిట్లుతోందో. పోయినసారి తిప్పినప్పుడే అంచు చిల్లులు చిరిగాయి."

"అంటించాను."

"ఎన్నిసార్లని అంటిస్తావు?"

"ఇంకొక్కసారి తిరుగుతుంది. చేత్తో అందిస్తా, చక్రం మీదికి బలం పడకుండా. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు."

"మిగతా రీళ్ళున్నాయిగా?"

"లేవక్కా. విప్పి చూశాను, చెప్పలేదు నీకు. గడ్డకట్టిపోయాయి. బెల్లం అచ్చుల్లా ఉన్నాయి. మిగిలింది ఇదొక్కటే."

"అయితే దీన్ని దాచుకుందాంరా. ముట్టుకోకుండా. అమ్మది ఇదొక్కటైనా ఉంటుంది."

"డబ్బాలో దాచుకుని ఏం చేసుకుంటాం? వాసన చూస్తామా?"

"ఆ తెల్లచేతులదే ఉంది కదా, మొన్నటిది. ఎలాగూ అమ్మ మొహం తెలుస్తోంది."

"నాకు మొహం వద్దు. నాకు మాట కావాలి."

"గట్టిగా అరవకు, పాప లేస్తుంది... అయ్యో. నోరు జారిందిరా. అలవాటు."

"ఫరవాలేదు. నేనూ అంటూనే ఉన్నా. నిన్న టీవీ సౌండు తగ్గించాను, పాప పడుకుందని. మీ మరదలు నా వంక చూసి ఏం అనలేదు. రిమోటు తీసుకుని మళ్ళీ పెంచింది. నీకింకోటి చెప్పనా? మొన్న పాపకి అన్నం పెడుతూ ఏదో మాట్లాడుతున్నా. ఊరికే, అలవాటుకొద్దీ. అది నా నోట్లో వేలు పెట్టింది. పళ్ళ వెనకాల, నాలిక కిందా వెతికింది. ఏం దొరకలేదు. నా వంక చూసింది చూడూ..."

"ఊరుకోరా."

"ఏదో దాచుకున్నాననుకుంది. దానికి పెట్టకుండా నేనొక్కణ్ణే నోట్లో ఏదో దాచుకున్నానని. అందుకే కొరుకుతోంది అక్కా అందర్నీ. గోడకేసి తల కొట్టుకుంటోంది. ఏం కావాలో చెప్పలేక."

"ఆ చెవిటిపిల్లల స్కూల్లో చేర్చుకుంటామన్నారుగా."

"వచ్చే ఏడాది. వాళ్ళ సైగలూ నేర్చుకుంటాం, అందరం నేర్చుకుంటాం. ఈలోగా? ఈలోగా దానికి కడుపునొప్పి వస్తే? పీడకలొస్తే? నువ్వు నేర్పింది ఐదు మాటలు. నీళ్ళు, అన్నం, రా, పడుకో, వద్దు. 'వద్దు' ఒకటే వాడుతోంది రోజంతా."

"ఎవరైనా టీచరమ్మని పిలిపిద్దాం. ఇంటికొచ్చి చెప్పేవాళ్ళుంటారు."

"నువ్వుండగా బయటివాళ్ళెందుకు? పోయినసారి వచ్చినప్పుడు ఆసుపత్రిలో నువ్వు ఆ మాట అన్న దగ్గర్నుంచీ మీ మరదలు కాస్త అన్నం తింటోంది తెలుసా? 'వదినకి మీ అమ్మగారి భాషంతా వచ్చట, వదిన నేర్పుతుందట' అని వాళ్ళ వాళ్ళందరికీ ఫోన్లు చేసి చెప్పింది. ఇవాళ కూడా ఆఫీసుకి పోతూ, సాయంత్రానికి కొత్త మాటలు ఏమైనా దొరుకుతాయా అనడిగింది."

"నువ్వేమన్నావు?"

"దొరుకుతాయన్నా."

"అలా ఎందుకు చెప్పావురా?"

"ఏం చెప్పమంటావు? నువ్వే కదా అన్నావు, అమ్మ చేతులు చూస్తే మిగతావన్నీ గుర్తొస్తాయని."

"అన్నాను."

"మరి? జరుగు, ఆ తీగ తొక్కుతున్నావు."

"నాన్నని ఒకసారి అడుగుదామా?"

"నాన్నని ఏమడుగుతాం?"

"ఈ రీలు తీసింది నాన్నే కదా."

"తీశాడు. తీయడం తప్ప ఇంకేం వచ్చు? నువ్వే చెప్పేదానివిగా, అమ్మ చెయ్యెత్తితే నాన్న నీ మొహం చూసేవాడని."

"అవును. 'ఏమంటోందే మీ అమ్మ' అనేవాడు. నేను చెప్పేదాన్ని. కందిపప్పు అయిపోయిందట, చిన్నత్త కోపంగా ఉందట, ఇలా. నేను బళ్ళోంచి వచ్చేదాకా ఇద్దరూ మూగవాళ్ళే పాపం."

"కట్టుకున్న మనిషి మాట ఒక్క ముక్క నేర్చుకోలేదు. ఆవిడ పోయేదాకా నేర్చుకోలేదు. నేను చచ్చినా అలా ఉండను."

"నెమ్మదిగా మాట్లాడు. నాన్నకి వినిపిస్తుంది."

"వినిపించనీ. ఆ కార్డు ఇలా ఇవ్వు, కొత్త బుర్ర అందులోనే ఉంది."

"ఇప్పుడే ఎక్కిస్తావా?"

"ఇప్పుడే."

"సాయంత్రం చేద్దాంలే. మరదలు కూడా వస్తుంది."

"అది వచ్చేసరికి చూపించాలి. ఇవ్వక్కా."

"మధ్యలో ఏమన్నా అయితే?"

"మధ్యలో ఆగితే డబ్బా చచ్చిపోతుంది. మొన్నటి బుర్రా ఉండదు, కొత్త బుర్రా ఉండదు. బల్ల మీద ఇటుకరాయి పెట్టుకున్నట్టు."

"ఇంకోటి తెచ్చుకోవచ్చా?"

"ఈ రకం ఇప్పుడు రావట్లేదు. కొత్తవాటికి తాళం వేసేశారు, లోపలికి పోనివ్వవు. కార్డు."

"కరెంటు పొద్దున్నించీ వస్తూ పోతూ ఉందిరా."

"బ్యాటరీకి తగిలించాను. అక్కా, గుప్పిట విప్పు."

"..."

"ఏంటి నీకీ భయం? పోతే నాది కదా పోయేది? విప్పు."

"తీసుకో."

"ఆఁ. పెట్టాను. బటను నొక్కి పట్టుకోవాలి. లైటు చూడు, పసుపుపచ్చగా వెలిగితే చెప్పు."

"వెలిగింది."

"ఆడుతోందా, నిలకడగా ఉందా?"

"ఆడుతోంది."

"అంటే ఎక్కుతోంది. ఎవరూ బల్ల కదపొద్దు."

"పాప ఏడుస్తోంది."

"నాన్న చూసుకుంటాడు."

"నేను వెళ్తాలే..."

"ఎక్కడికీ వెళ్ళొద్దు, లైటు చూస్తుండు. నాన్నా, పాపని కాస్త ఎత్తుకో. ఆఁ, ఎత్తుకున్నాడు. లైటు?"

"ఆడుతోంది. ఆడుతోంది... ఆగిపోయింది."

"ఆగడమేంటి?"

"ఆడట్లేదు. ఎర్రగా వెలిగింది."

"ఎరుపు రాకూడదు. ఎరుపెందుకు వచ్చింది?"

"నాకేం తెలుసురా."

"కదిపావా?"

"నేను ముట్టుకోలేదు."

"తెర మీద ఏమొచ్చింది? ఏం రాలేదు. అసలు తెరే వెలగట్లేదు. ఒక్క నిమిషం. ఒక్క నిమిషం. తీగ తీసి పెడతా. అబ్బే. మళ్ళీ నొక్కుతా. అక్కా, ఇది వెలగట్లేదు."

"నిదానంగా చెయ్యి."

"వెలగట్లేదక్కా. చచ్చిపోయింది. నేనే చంపేశాను."

"పోనీలేరా."

"పోనీ ఏంటి? పోనీ ఏంటి? సాయంత్రం మీ మరదలికి ఏం చెప్పను? లిఫ్టు బాగుచేసే ఎదవని, నాకెందుకీ పని? ఉన్నది కూడా పోగొట్టాను."

"ఒరేయ్, ఇటు చూడు. తల అలా కొట్టుకోకు. నువ్వూ పాపలాగే తయారవుతావా? ఇటు చూడు నా వంక. పోతే పోయింది. ఒక మిషను. ఇంతే రాసిపెట్టుంది. మరదలికి నేను చెప్తాను. ఫిల్ము మిగిలిందిగా? అది దాచుకుందాం. టీచరమ్మని పెట్టుకుందాం. ఏం?"

"..."

"ఏం?"

"నువ్వెందుకు తేలిగ్గా ఉన్నావు?"

"ఏంటి?"

"నీ మొహం. ఏదో గండం గడిచినట్టుంది."

"నీకు పిచ్చెక్కిందిరా. నిన్నలా చూస్తుంటే నా గుండె జారిపోతుంటే..."

"ఉండు. ఉండు. కార్డు తిరగేసి పెట్టానేమో. కాదు, సరిగ్గానే ఉంది. ఇలా అయితే మళ్ళీ మొదట్నించీ ఎక్కించే దారుందని ఎవరో రాశారు. రెండు బటన్లూ కలిపి నొక్కాలి."

"వదిలెయ్యరా."

"రెండూ కలిపి. ఇది వదలకుండా తీగ పెట్టాలి. నా చేతులు చాలట్లేదు. అక్కా, తీగ నువ్వు పెట్టు."

"..."

"పెట్టక్కా, నీకు దణ్ణం పెడతా."

"పెట్టాను."

"లైటు?"

"లేదు... ఏం లేదు... ఆఁ."

"ఆఁ ఏంటి?"

"పసుపుపచ్చ."

"ఆడుతోందా?"

"ఆడుతోంది."

"ఊపిరి కూడా గట్టిగా పీల్చకు."

"ఆడుతోంది... ఇంకా ఆడుతోంది... ఆకుపచ్చ."

"ఏదీ? ఆకుపచ్చే. ఆకుపచ్చే అక్కా. తెర వెలిగింది చూడు. నేను రాసింది, పైన చూడు, వెలుతురు ఆగిపోయింది. ఇంక పెంచదు. దాని ఇష్టం కాదు, మనం చెప్పినట్టే. నువ్వేడుస్తున్నావెందుకు?"

"ఏం లేదు."

"నేనూ ఏడ్చేవాణ్ణే, టైము లేదు. కుర్చీ ఇటు లాక్కో. రీలు నువ్వు పట్టుకో. నేను వేలితో అందిస్తా."

"ఇంక ఆగుదాంరా ఇవాళ్టికి. అలిసిపోయావు."

"ఇటు పట్టుకో. లాగకు, తనంతట తను రావాలి. గుడ్డ చుట్టుకో వేళ్ళకి. మొదలెట్టాను."

"వాసన చూడు, గొంతులో మంట పుడుతోంది."

"మాట్లాడకు. వదులు. ఇంకా వదులు. అదిగో, గుమ్మం వచ్చింది. అమ్మ వస్తుంది ఇప్పుడు."

"ఆపు."

"ఆపకూడదు."

"ఆపమంటున్నా. అక్కడ చిరుగుతోంది, చూడు, నీ వేలి కింద."

"చూశాను. చెయ్యి తియ్యక్కా. నా చెయ్యి ఎందుకు పట్టుకుంటున్నావు? మధ్యలో ఆపితే అక్కడికక్కడ తెగిపోతుంది. తియ్యి. ఆఁ. ఇంకొంచెం. ఇంకొంచెం రావే తల్లీ. ఫిల్ము మీద పచ్చ చుక్క వచ్చిందంటే చివరికొచ్చినట్టే. రా."

"తెగింది."

"తెగింది. ఫరవాలేదు. తెగనీ. చివరి ముక్కలో ఒట్టి గోడే ఉంది. అమ్మ దాటిపోయింది అప్పటికే. వచ్చింది అక్కా, మొత్తం వచ్చింది."

"ముక్కలైపోయింది చూడు. చేతిలో పొడి రాలుతోంది."

"వదిలెయ్. అది ఇంక అక్కర్లేదు. ఇటు చూడు. ఇటు. కళ్ళు తుడుచుకుని చూడు. చెప్పానా? అక్కా?"

"నాకంటే చిన్నదిరా."

"ఏంటి?"

"అమ్మ. నా కూతురంత ఉంది. ఇంత చిన్నదా అప్పుడు?"

"చేతులు చూడు."

"చూస్తున్నా. మణికట్టు మీద కాలిన మచ్చ. నేను మర్చేపోయాను ఆ మచ్చ. చూపుడువేలి గోరు విరిగింది. చూడు, జాకెట్టు చేతికి కుట్టు విడిపోయింది, పిన్నీసు పెట్టుకుంది."

"కనిపిస్తోందన్నమాట. మొదట్నించీ వేస్తున్నా. నెమ్మదిగా తిప్పుతా. చెయ్యి లేచింది. ఏంటది?"

"నువ్వు. గడ్డం ముట్టుకుంటే నువ్వు. నీ సొట్ట."

"నేను. తర్వాత?"

"మణికట్టు తిప్పింది. కెమెరాకి కీ ఇచ్చినట్టు. అది నాన్న."

"నాన్న, నేను. ఆ తర్వాత?"

"ఆ తర్వాత..."

"ఇదిగో, ఇది. వేళ్ళు మూసి ఇటు లాగింది. ఏంటి?"

"..."

"ఆపనా? ఆపాను. చూడు."

"..."

"ఇంకా మసగ్గా ఉందా?"

"లేదు."

"వెలుతురు ఎక్కువైందా? తగ్గిస్తాను."

"తగ్గించకు. ఏం మసక లేదురా. అన్నీ కనిపిస్తున్నాయి. గోళ్ళు కనిపిస్తున్నాయి. నాకు రాదు."

"ఏం రాదు?"

"అమ్మ మాట. నాకు రాదు. మర్చిపోయాను. ఆ ఐదు తప్ప ఏం లేవు నా దగ్గర. నువ్వూ నాన్నా పేర్లు. నా పేరు. అంతే."

"ఆసుపత్రిలో అన్నావుగా."

"మీ ఆవిడ నేల మీద కూలబడిపోయిందిరా. డాక్టరు గదిలోంచి వచ్చి, గోడకి ఆనుకుని అలా జారి కూర్చుంది. నువ్వు కాయితాలు పట్టుకుని దిక్కులు చూస్తున్నావు. ఏదో ఒకటి అనాలిగా ఎవరో ఒకరు. నాకొచ్చు, నేను నేర్పుతానన్నా. నోట్లోంచి వచ్చేసింది."

"మరి ఇన్నాళ్ళూ..."

"గుర్తొస్తుందనే అనుకున్నా. ఒట్టు. బస్సులో వస్తూ కూడా నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కదిపి చూసుకున్నా. ఒకప్పుడు నిద్దట్లో కూడా చేతులతోనే మాట్లాడేదాన్నట. అమ్మని చూస్తే చేతులకి అవే గుర్తొస్తాయి అనుకున్నా. మొన్న ఆ తెల్లగా మాడిపోయిన బొమ్మ చూపించావే, అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. కనిపించట్లేదని చెప్పొచ్చుగా. నువ్వు బాగుచేస్తుంటే, ఒక్కో రోజూ కాస్త కాస్త వేళ్ళు బయటికొస్తుంటే..."

"రీలు ముక్కలు చేశానక్కా నేను. అమ్మది ఒక్కటే ఒక్క రీలు."

"తెలుసు."

"చెప్పొచ్చుగా. ఒక్క మాట. నువ్వు చెయ్యి పట్టుకున్నప్పుడైనా చెప్పొచ్చుగా."

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"సాయంత్రం దాని మొహం నేనెలా చూడను?"

"తిప్పు ఒకసారి. ఉన్నదేదో నన్ను చూడనీ."

"ఎందుకింక?"

"తిప్పరా."

"చూసుకో."

"ఇక్కడ ఆపు. నీ కింద చూడు."

"నా కిందా?"

"నిన్నెత్తుకున్న చెయ్యి. ఎడంచెయ్యి. నీ తొడ కింద వేళ్ళు చూడు, కదులుతున్నాయి. ముందటివాటిల్లో ఇది లేనే లేదు, ఒట్టి నీడ. అమ్మ రెండు చేతులతో మాట్లాడేదిరా. ఒక చెయ్యి మొదలెడితే ఇంకో చెయ్యి అందుకునేది. కుడిచేత్తో సగం అంటోంది, మిగతా సగం నీ కింద ఉండిపోయింది."

"అంటే నీకు గుర్తున్నా అర్థమయ్యేది కాదా?"

"ఏమో. గుర్తున్నదానికి అర్థమయ్యేదేమో."

"నా బరువు మోస్తూ మాట పూర్తిచెయ్యలేకపోయింది."

"చంటిపిల్లాడివి. నీదేం తప్పు?"

"ఆ ఒక్కటీ కూడా సగమేనా అక్కా? ఇంత చేస్తే సగమేనా?"

పక్కగది గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఆయన భుజం మీద పాప కళ్ళు తెరిచే ఉంది.

"అది ఇంకోసారి తిప్పు."

"నాన్నా, నువ్వెప్పుడొచ్చావు?"

"తిప్పరా. మొదట్నించి."

"చూడాలనుందా? కూర్చో నాన్నా. అమ్మే చూడు, ఎంత బాగా..."

"కూర్చోను. అదీ. అక్కడ. ఆ, సరే."

"ఏంటి సరే?"

"మీ అమ్మ కోప్పడుతోంది."

"నీకెలా తెలుసు?"

"ఎలా తెలియడమేంటే? నాతోనేగా అంటోంది."

"నీకు రాదుగా నాన్నా. నేనేగా నీకు చెప్పేదాన్ని, అమ్మ ఏమంటోందో."

"చెప్పేదానివి. ముచ్చటగా చెప్పేదానివి. సగం ఆవిడ అన్నదీ, సగం నువ్వు కల్పించిందీ. చిన్నత్తకి కోపమొచ్చిందని మీ అమ్మ ఏనాడూ అనలేదు. నువ్వటు పోగానే ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. అంత ఇష్టంగా చెప్తుంటే నాకొచ్చే అని ఎలా అనను?"

"నీకొచ్చా?"

"నీకంటే ముందే వచ్చు. మాకు పెళ్ళయ్యేసరికి ఆవిడకి అంత మాట ఎక్కడిది? కూర్చుని ఇద్దరం కట్టుకున్నాం, ఒక్కో సైగా."

"మరెందుకు చెప్పలేదు నాన్నా? పాపకి ఇలా అని తెలిశాకైనా?"

"మీ అక్క నేర్పుతానందిగా. దానికి వచ్చనుకున్నాను. ఆవిడ పోయాక నేను ఎవరితో మాట్లాడాను గనక? నావి తుప్పు పట్టుంటాయి, దానివి కొత్తగా ఉంటాయనుకున్నా."

"ఏమంటోంది నాన్నా అమ్మ?"

"ఇదా? 'అది అవతల పెట్టి వీణ్ణి ఎత్తుకో. ఒక చేత్తో నేనెంతని చెప్పను' అంటోంది."

"తర్వాత?"

"తర్వాతా అదే. రీలంతా అదే. నేను వినిపించుకుంటేగా. కొత్త కెమెరా, కిటికీలో మంచి ఎండ. రీలయ్యేదాకా తీస్తూనే ఉన్నా."

"ఆఖర్న నన్ను ఎత్తుకున్నావా?"

"ఎత్తుకున్నా."

"అప్పుడేం చెప్పింది?"

"గుర్తులేదురా. ఆలోచిస్తూనే ఉన్నా అక్కడ నిలబడి. ఏదో ఇంటి మాటే అయ్యుంటుంది. గుర్తులేదు."

"నాన్నా, నాకేం రాదు. సాయంత్రం మరదలు వస్తే..."

"ఏడవకే. ఒరేయ్, నువ్వు ఆ డబ్బా ఆపి ఇలా రా. పాపని అందుకో. నాకు రెండు చేతులూ కావాలి."